మిత్రసేనల సారథి – ఐసెన్‌హోవర్

యుద్ధంలో శత్రువును జయించడం ఒక ఎత్తు; మిత్రులతో కలసి నడవడం మరొక ఎత్తు. ఆయుధాలు, అలవాట్లు వేరైన పలు దేశాల సైన్యాలను ఏకాజ్ఞకు కట్టుబడేటట్లు చేయడం సామాన్య విషయం కాదు. రెండవ ప్రపంచ సంగ్రామంలో ఆ కార్యాన్ని సాధించిన ధీశాలి డ్వైట్ డి. ఐసెన్‌హోవర్.

ఆయన 1890 అక్టోబరు 14న అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రంలో ఒక నిరుపేద కుటుంబంలో జన్మించాడు. కాన్సస్ రాష్ట్రంలోని ఆబిలీన్ పట్టణంలో పెరిగాడు. వెస్ట్ పాయింట్ సైనిక విద్యాలయంలో 1915లో పట్టభద్రుడయ్యాడు. 1941లో లూసియానాలో సుమారు 4 లక్షలమంది సైనికులతో నమూనా యుద్ధాలు జరిగాయి. వాటిలో ఆయన కనబరచిన వ్యూహనైపుణ్యం పై అధికారుల దృష్టిని ఆకర్షించింది.

1942లో ఉత్తర ఆఫ్రికా దండయాత్రకు ఆయన నాయకత్వం వహించాడు. బ్రిటిష్ వారు లారీ అన్నదానిని అమెరికన్లు ట్రక్కు అనేవారు. పనిచేసే పద్ధతులలోనూ ఇటువంటి భేదాలెన్నో ఉండేవి. ఐసెన్‌హోవర్ ఉభయ దేశాల అధికారులను ఒకే కార్యాలయంలో, ఒకే శాఖలో పక్కపక్కన కూర్చోబెట్టి పనిచేయించాడు. జాతిభేదంతో కలహించేవారిని ఆయన సహించలేదు.

1943 డిసెంబరులో ఆయన మిత్రసేనల సర్వసేనానిగా నియమితుడయ్యాడు. ఫ్రాన్సు తీరంపై దిగే దాడికి ఇంగ్లండులో సన్నాహాలు సాగాయి. 1944 ఏప్రిల్‌లో స్లాప్టన్ సాండ్స్ తీరంలో ‘టైగర్’ పేరుతో ఒక సాధన జరిగింది. 28వ తేదీ తెల్లవారుజామున జర్మన్ టార్పెడో పడవలు అమెరికన్ ఓడలపై విరుచుకుపడ్డాయి. ఆదేశపత్రంలో దొర్లిన ఒక అచ్చుతప్పు కారణంగా ఆ ఓడలు బ్రిటిష్ నౌకాదళంతో సంబంధంలేని రేడియో ఫ్రీక్వెన్సీని వింటున్నాయి. అందువల్ల హెచ్చరిక వారికి చేరలేదు. 700 మందికి పైగా సైనికులు సముద్రం పాలయ్యారు. ఒక్క అచ్చుతప్పు ఎంత అనర్థం తెచ్చిందో అధికారులు గ్రహించారు. అటుపిమ్మట ఉభయ నౌకాదళాలకూ ఒకే ఫ్రీక్వెన్సీని నిర్ణయించారు. ప్రాణరక్షక కవచాలను సరిగా ధరించడంలో సైనికులకు శిక్షణ ఇచ్చారు. నీటిలో పడినవారిని కాపాడేందుకు చిన్న పడవలను సిద్ధపరచారు.

1944 జూన్ 6న లక్షా 50 వేలకు పైగా మిత్రసైనికులు నార్మండీలో అడుగుపెట్టారు. దాడి విఫలమైతే బాధ్యత పూర్తిగా తనదేనని తెలిపే ప్రకటనను ఐసెన్‌హోవర్ ముందే రాసి దగ్గర ఉంచుకున్నాడు. దానితో అవసరం కలగలేదు. 1945 మే 7న రీమ్స్ నగరంలోని ఆయన ప్రధాన స్థావరంలో జర్మనీ లొంగుబాటు పత్రంపై సంతకం చేసింది.

1951లో 12 దేశాల నాటో కూటమికి ఐరోపాలో ఆయన తొలి సర్వసేనాని అయ్యాడు. 1953 నుండి 1961 వరకు అమెరికా అధ్యక్షుడిగా పనిచేసి, 1969 మార్చి 28న కన్నుమూశాడు.

నేటి సైన్యాలు కంప్యూటర్లపై నమూనా యుద్ధాలు చేస్తున్నాయి. ఒక దేశపు యంత్రం పంపిన సందేశం మరొక దేశపు యంత్రానికి అర్థం కాకపోతే అవి వ్యర్థమే. స్నేహం ఒప్పందాలలో ఉంటే చాలదు. పని జరిగే ప్రతిచోటా, చివరికి ఒక చిన్న అంకెలో కూడా ఉండాలి. ఐసెన్‌హోవర్ జీవితం మనకు బోధించే సత్యం ఇదే.