వెన్నెలను తెర మీదికి తెచ్చిన మార్కస్ బార్ట్లీ

మాయాబజార్ సినిమా చూడనివారు మనలో ఉండరు. అందులో వెన్నెల్లో పడవ సాగిపోయే పాట అందరికీ ఇష్టమే. రామారావు గారిని, నాగేశ్వరరావు గారిని, సావిత్రి గారిని తలచుకుంటాం. కానీ ఆ వెన్నెలను మనకు చూపించిన ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లీ గారి పేరు మనలో ఎంతమందికి తెలుసు?

ఆయన 1917లో ఆంగ్లో ఇండియన్ కుటుంబంలో జన్మించారు. పత్రికా ఫోటోగ్రాఫర్‌గా, న్యూస్‌రీల్ కెమెరామన్‌గా పనిచేసి సినిమాల్లోకి వచ్చారు. వార్తల పనిలో వెలుతురు మన కోసం ఆగదు. ఉన్న వెలుతురులోనే బొమ్మ తీయాలి. 1945లో బి.ఎన్.రెడ్డి గారి స్వర్గసీమకు పనిచేశారు. తర్వాత పాతాళభైరవి (1951), మిస్సమ్మ (1955), మాయాబజార్ (1957), గుండమ్మ కథ (1962) ఆయన కెమెరాలోంచి వచ్చినవే. తెలుగు ఆయన మాతృభాష కాదు. అయినా తెలుగువారి వెన్నెల అంటే ఆయన తీసిన వెన్నెలే.

ఆ రోజుల్లో ఫిల్ముకు వెలుతురు చాలా కావాలి. నిజమైన వెన్నెల్లో తీస్తే బొమ్మ సరిగా పడేది కాదు. అందుకని ఆరుబయట రాత్రి సీన్లను చాలాసార్లు పగలే తీసేవారు. సూర్యుడు నటుల వెనుక ఉండేలా చూసుకుని, కెమెరాలోకి వెలుతురు తగ్గించి, ఫిల్టరుతో ఆకాశాన్ని నల్లగా చేసేవారు. ఎండే వెన్నెల అయ్యేది. మాయాబజార్ పడవ పాటలో కొద్ది భాగం మద్రాసు దగ్గరి ఎన్నూరులో బయట తీసి, మిగిలింది స్టూడియోలో తీశారని చెబుతారు. చూసేవారికి అతుకు కనబడదు.

1965లో వచ్చిన మలయాళ చిత్రం చెమ్మీన్‌లో కేరళ సముద్రాన్ని రంగుల్లో చూపించారు. ఆ చిత్రానికి రాష్ట్రపతి స్వర్ణపతకం వచ్చింది. 1969 నాటి తమిళ చిత్రం శాంతి నిలయానికి ఆయన జాతీయ ఉత్తమ ఛాయాగ్రాహకుడు అయ్యారు. 1993లో కన్నుమూశారు.

ఈ జీవితం మాకు ఎందుకు పనికొచ్చిందో చెప్పాలి. వార్షికోత్సవం కోసం మేము తీస్తున్న చిన్న సినిమాలో సగం సీన్లు రాత్రివే. అంబాజీపేట కొబ్బరితోటల్లో రాత్రి ఎంత చీకటో మీకు తెలుసు. పైగా ముసురు వదలలేదు. లైట్లు అద్దెకు తెచ్చే డబ్బు లేదు. మానేద్దామన్న మాట కూడా వచ్చింది. అప్పుడు బార్ట్లీ గారి పని గుర్తు చేసుకున్నాం. సాయంత్రం దీపాలు పెట్టే వేళ ఆకాశంలో మిగిలే కాస్త వెలుగులో దూరపు సీన్లు తీశాం. దగ్గరి సీన్లకు టార్చిలైటును మనిషి వెనుక పెట్టాం. వెనుక నుంచి వెలుతురు పడితేనే వాన చినుకు కెమెరాకు కనబడుతుంది. తడిసిన రోడ్డు ఒక దీపాన్ని రెండు చేస్తుంది. తడిలో కరెంటు వైర్లు లాగలేదు, అన్నీ బ్యాటరీ దీపాలే. గొడుగు ముందు ఫోనుకు, తర్వాతే మాకు.

డబ్బు లేదని, వాన పడుతోందని మన కథలు చెప్పడం మానుకుంటే వాటిని వేరెవరూ వచ్చి చెప్పరు. మరొక్క మాట. తెర వెనుక పనిచేసినవారి పేర్లు జనం మరచిపోతారు. అందుకే మా సినిమాలో గొడుగు పట్టిన ఎనిమిదో తరగతి తమ్ముళ్ల పేర్లు ముందు వేస్తున్నాం.