దాసరి సుబ్రహ్మణ్యం

దాసరి సుబ్రహ్మణ్యం (1932 అక్టోబరు 25 - 2010 జనవరి 27) చందమామ మాసపత్రికలో జానపద ధారావాహికలు రచించిన ప్రసిద్ధ తెలుగు రచయిత. 1952 నుండి 2006 వరకు, అనగా 54 సంవత్సరాలు, ఆ పత్రిక సంపాదకవర్గంలో పనిచేశారు. తోకచుక్క, రాకాసిలోయ, శిథిలాలయం, మాయాసరోవరం మొదలైన ఈయన రచనలను తెలుగునాట పెక్కుతరాల బాలబాలికలు ఆసక్తితో చదివారు. అయితే ఆ ధారావాహికలు తొలిసారి వెలువడినప్పుడు వాటిపై ఈయన పేరు అచ్చు కాలేదు. తాము ఇష్టపడిన రచయిత ఎవరో చాలామంది పాఠకులకు పెద్దవారైన తరువాతనే తెలిసింది.

జీవితం

సుబ్రహ్మణ్యం గుంటూరు జిల్లా తెనాలి ప్రాంతానికి చెందినవారు. యువకుడిగా ఉండగానే మద్రాసు చేరుకుని, 1952లో చందమామలో ఉద్యోగంలో ప్రవేశించారు. బి.నాగిరెడ్డి, చక్రపాణి కలిసి 1947 జూలైలో ఆ పత్రికను స్థాపించారు. కొడవటిగంటి కుటుంబరావు కూడా 1952లోనే సంపాదక బాధ్యతలు చేపట్టి 1980లో మరణించేవరకు కొనసాగారు. సులభమైన వాడుక భాష, చిన్న వాక్యాలు, అనవసర వర్ణనలు లేని కథనం చందమామ శైలిగా పేరుపొందాయి. ఆ శైలిని తీర్చిదిద్దినవారిలో సుబ్రహ్మణ్యం ఒకరు. ధారావాహికలే గాక ఎన్నో చిన్న కథలు కూడా వ్రాశారు. బయటి రచయితలు పంపిన కథలను సరిదిద్దే పని కూడా చేసేవారు. హేతువాద భావాలు కలవారు, అభ్యుదయ దృక్పథం గలవారు. 

ధారావాహికలు

మొదటి ధారావాహిక తోకచుక్క 1954లో ప్రారంభమైంది. సేనాని సమరసేనుడు, ఏకాక్షి, చతుర్నేత్రుడు అనే మాంత్రికులు ఇందులోని ముఖ్య పాత్రలు. దీని తరువాత మకరదేవత, ముగ్గురు మాంత్రికులు, కంచుకోట, జ్వాలాద్వీపం వరుసగా వెలువడ్డాయి. 1961 నుండి 1964 వరకు నడిచిన రాకాసిలోయను పలువురు పాఠకులు ఈయన రచనలలో ఉత్తమమైనదిగా భావిస్తారు.

రాకాసిలోయ ముగిసిన పిమ్మట చక్రపాణి జానపద ధారావాహికలను నిలిపి, వాటి స్థానంలో బంకించంద్రుని దుర్గేశనందిని వంటి వంగ నవలల కథలను ప్రచురింపజేశారు. ఈ మార్పు పాఠకులకు రుచించలేదు, పత్రిక అమ్మకాలు తగ్గాయి. దానితో మళ్ళీ సుబ్రహ్మణ్యానికే కబురు వచ్చింది. ఆ విధంగా పాతాళదుర్గం (1966-67) మొదలైంది. రచయిత పేరు తెలియకపోయినా ఆ చేతివాటం లేని లోటును పిల్లలు ఇట్టే గుర్తించారన్నమాట. ఆ తరువాత శిథిలాలయం (1968-70), రాతిరథం (1970-72), యక్షపర్వతం (1972-74), మాయాసరోవరం, భల్లూకమాంత్రికుడు వచ్చాయి. ఈ పరంపర 1970 దశకం చివర ముగిసింది.

ఈయన కథలలో సాధారణంగా ఇద్దరు మిత్రులు కలిసి ప్రయాణం చేస్తారు. శిథిలాలయంలో శిఖిముఖి, విక్రమకేసరి. రాతిరథం, యక్షపర్వతాలలో ఖడ్గవర్మ, జీవదత్తుడు. మాయాసరోవరంలో జయశీలుడు, సిద్ధసాధకుడు ఇటువంటి జంటలు. మంత్రాలు, రాక్షసులు, వింత జంతువులు ఎన్ని ఉన్నా, ఆపదను దాటించేవి చివరకు ధైర్యము, సమయస్ఫూర్తి, స్నేహమే. ప్రతి భాగమూ ఏదో ఒక ప్రమాదపు అంచున ఆగేది. మిగిలిన కథకై నెలరోజులు ఎదురుచూడవలసిందే. ఇంటికి చందమామ రాగానే ముందుగా ధారావాహిక పుట తెరిచే అలవాటు ఆనాటి పిల్లలలో సర్వసాధారణం. చిత్ర (టి.వి.రాఘవన్) వేసిన బొమ్మలు ఈ కథలకు విడదీయరాని అంగమయ్యాయి. చందమామ అనేక భారతీయ భాషలలో వెలువడినందున ఈ రచనలు తెలుగేతర పాఠకులకు సైతం చేరాయి.

అచ్చు కాని పేరు

చందమామ ఉద్యోగులు వ్రాసినవాటికి రచయిత పేరు ప్రకటించే ఆచారం ఉండేది కాదు. కుటుంబరావు అక్కడ వ్రాసిన అసంఖ్యాక కథలకు కూడా ఇదే వర్తించింది. అయితే ఆయనకు బయట కథకునిగా, నవలాకారునిగా, వ్యాసకర్తగా గొప్ప ఖ్యాతి ఉన్నది. సుబ్రహ్మణ్యం సాహిత్యకృషి అధికభాగం ఆ ఒక్క పత్రికలోనే సాగినందున ఈ ఆచారం వలన ఎక్కువ నష్టపోయినది ఆయనే.

జీతానికి వ్రాసినది యజమానికే చెందుతుందని సామాన్యంగా అనుకుంటారు. భారతీయ కాపీరైటు చట్టం (1957) చెప్పేది వేరు. పత్రికోద్యోగి తన ఉద్యోగధర్మంగా వ్రాసిన రచనపై, వేరే ఒప్పందం లేనిచో, పత్రికలలో ప్రచురణకు సంబంధించినంతవరకే యజమానికి హక్కు. తక్కిన విషయాలలో రచయితే తొలి హక్కుదారు. హక్కులను అమ్ముకున్న తరువాత కూడా ఆ రచన తనదని చెప్పుకొనే అధికారాన్ని 57వ సెక్షను రచయితకు ఇస్తున్నది. పిల్లల పత్రికలలో పనిచేసిన రచయితల విషయంలో ఈ నియమాలను తరచి చూసినవారు తక్కువ. పత్రిక తరువాతి కాలంలో తన పాత ధారావాహికలను పునర్ముద్రించి కొత్త తరం పాఠకులను సంపాదించుకున్నది.

బొమ్మరిల్లు పత్రికలో వచ్చిన మృత్యులోయ కూడా ఈయన రచనే.

చివరి సంవత్సరాలు

2006లో చందమామ నుండి విరమించి విజయవాడలోని బంధువుల వద్దకు చేరుకున్నారు. ఆ సమయానికి, బాల్యంలో ఆ కథలు చదివి పెరిగినవారు పాత సంచికలను సేకరించి, రచయిత వివరాలను ఆరా తీయసాగారు. రచన మాసపత్రిక సంపాదకులు శాయి ఈ కృషిలో ముందు నిలిచారు. తన పేరు ఇందరికి తెలియడాన్ని సుబ్రహ్మణ్యం 70 ఏళ్ళు దాటిన తరువాత చూడగలిగారు.

ఈయన 2010 జనవరి 27న మరణించారు. అదే సంవత్సరం రచన పత్రిక ఈయన స్మృతిలో ప్రత్యేక సంచిక వెలువరించింది. అటుపిమ్మట వాహినీ బుక్ ట్రస్టు ఈయన రచనలను, ముఖపత్రంపై దాసరి సుబ్రహ్మణ్యం అన్న పేరుతో, పుస్తకాలుగా ప్రచురించింది.