మైకేల్ ఫారడే

1791వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీన లండను చెంత ఒక పేద కమ్మరి యింట మైకేల్ ఫారడే జన్మించెను. చదువుట, వ్రాయుట, లెక్కలు వేయుట నేర్చినంతనే అతని బడిచదువు ముగిసెను. బాల్యముననే పుస్తకములకు అట్టలు కట్టువానికడ పనికి కుదిరి, తాను కుట్టు పుస్తకములనే తీరికవేళ చదువుకొనెను. 1812లో హంఫ్రీ డేవీ ఉపన్యాసములు విని, వానిని వ్రాసి, అట్టకట్టి, ఆయనకే పంపెను. మరుసటి సంవత్సరమే రాయల్ ఇన్‌స్టిట్యూషన్ ప్రయోగశాలలో సహాయకుడయ్యెను.

కమ్మరి కొడుకునకు ఇనుము పరాయిది కాదు. అతడు 1819లో మన దక్షిణదేశపు ఉక్కును పరీక్షించెను. తెలంగాణములోని కోనసముద్రము అట్టి ఉక్కునకు పేరొందినది. పిదప స్టోడార్ట్ అను కత్తుల పనివానితో కూడి ఉక్కును వెండి, ప్లాటినము మున్నగు లోహములతో కొలిమిలో కరగించి మిశ్రలోహములు చేసెను. 1831లో అయస్కాంతమునుండి విద్యుత్తును పుట్టించి లోకవిఖ్యాతుడయ్యెను. అయస్కాంతముపై నుంచిన కాగితమున ఇనుపరజను వంపుగీతలుగా తీరుటను చిరకాలము పరిశీలించెను.

అరువదియైదవ యేడు సమీపించునప్పటికి అతని జ్ఞాపకశక్తి సన్నగిల్లెను. ప్రతి ప్రయోగమును సంఖ్య వేసి వ్రాసియుంచు అలవాటే అతనిని ఆదుకొనెను. అట్టి దశలో, 1856లో, అతడు బంగారమును చేపట్టెను. బంగారపు లవణమును నీటిలో పలుచగా కరగించి భాస్వరము కలుపగా, నీరు కెంపువలె ఎఱ్ఱబడెను. అందులోనికి వెలుగును పంపగా దాని దారి స్పష్టముగా కనబడెను. లోహము పూర్తిగా కరగియున్నచో అట్లు కనబడదు. సూక్ష్మదర్శినికి సైతము అందని బంగారు రేణువులు అందున్నవని అతడు గ్రహించెను. ఉప్పు చేర్చగా ఎరుపు నీలముగా మారెను. బంగారము బంగారమే; రేణువుల తీరు మారినంతనే వన్నె మారినది. 1857లో ఈ సంగతిని రాయల్ సొసైటీకి నివేదించెను. దానివలన వెంటనే లాభమేమియు కలుగలేదు. అయినను అతని శ్రమ వృథా కాలేదు.

మిల్లీమీటరులో పదిలక్షవ వంతును నానోమీటరు అందురు. 2000వ సంవత్సరమున అమెరికాలోని శాస్త్రజ్ఞులు ఇనుమును, ప్లాటినమును కొలిమిలో గాక ద్రవములో కూర్చి, కొలది నానోమీటర్ల రేణువులు చేసిరి. ద్రవము ఆరగా ఆ రేణువులు పంక్తిని కూర్చున్న పిల్లలవలె తమంతట తామే బారులు తీరెను. వేడిచేయగా అవి బలమైన అయస్కాంతములయ్యెను. కమ్మరి కొడుకు కొలిమిలో కలిపిన జంటయే అది; కెంపునీటిలో అతడు కనుగొన్న త్రోవయే అది.

ఫారడే 1867 ఆగస్టు 25వ తేదీన పరమపదించెను. బిరుదులను, పదవులను అతడు కోరలేదు. వచ్చినవానిని సైతము కొన్నిటిని వలదనెను. అతడు చేసిన కెంపునీటి సీసాలు రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో నేటికిని భద్రముగా నున్నవి. అల్పమని దేనిని త్రోసివేయని వానికి అల్పములోనే అనల్పము గోచరించును.