శాసన పరిశోధకుడు జయంతి రామయ్య పంతులు

గౌతమీ వశిష్ఠ నదుల నడుమ, కొబ్బరితోటలతోను వరిచేలతోను కళకళలాడే సీమ కోనసీమ. వేద విద్యకు, శాస్త్ర పాండిత్యానికి ఈ సీమలోని అగ్రహారాలు పూర్వం నుండి నిలయాలు. కోటిపల్లి రేవుకు ఎదురుగా గౌతమి ఒడ్డున ఉన్న ముక్తేశ్వరం అటువంటి అగ్రహారమే. ఆ గ్రామంలో 1860వ సంవత్సరం జూలై 18వ తేదీన జయంతి రామయ్య పంతులు జన్మించారు. వ్యాకరణవేత్తగా, నిఘంటు నిర్మాతగా, గ్రాంథిక భాషావాదిగా ఆయన పేరు తెలుగువారందరికీ తెలుసు. అయితే ఆయన చేసిన మరొక మహత్కార్యం అంతగా ప్రచారానికి రాలేదు. రాతిమీద, రాగిరేకులమీద పూర్వులు చెక్కించిన వ్రాతలను చదివి, అవి ఏనాటివో నిర్ణయించిన తొలితరం తెలుగు పండితులలో ఆయన ఒకరు.

రామయ్య పంతులు ఇంగ్లీషు చదువు చదివి బి.ఎ., బి.ఎల్. పట్టాలు పొందారు. రెవెన్యూ శాఖలో ఉద్యోగించి డిప్యూటీ కలెక్టరు పదవిని నిర్వహించారు. ఆ రోజులలో అటువంటి పదవిలో ఉన్నవారికి తీరిక తక్కువ. అయినా ఆయన పగలు దస్త్రాలు చూచి, మిగిలిన కాలాన్ని ప్రాచీన లిపుల పఠనానికి వినియోగించారు. భూమి హక్కును తేల్చే అధికారికి పత్రాన్ని పరీక్షించడం నిత్యకృత్యం. ఆ పత్రం నిజమైనదా, అందులోని తేదీ సరియైనదా, దానిని ఎవరు ఎవరికి ఇచ్చారు అని విచారించవలసి ఉంటుంది. శాసన పరిశోధకునికి కావలసిన దృష్టి కూడా ఇదే. ఎందుకనగా తామ్ర శాసనాలలో అత్యధిక భాగం వెనుకటి రాజులు బ్రాహ్మణులకు, దేవాలయాలకు ఇచ్చిన భూదాన పత్రాలే.

ఒక పాత చేతి గడియారం ఏ సంవత్సరంలో తయారైనదో తెలుసుకోగోరేవారు ముందుగా దాని వెనుక చెక్కిన వరుస సంఖ్యను చూస్తారు. ఆ సంఖ్య ఒక్కటే చాలదు కనుక మూత తెరచి లోపలి చక్రాలను, ముఖఫలకాన్ని, ముళ్ళను పరిశీలిస్తారు. సంఖ్య చెప్పే కాలానికి, భాగాలు చెప్పే కాలానికి పొత్తు కుదిరితే ఆ గడియారం అసలైనది. కుదరకపోతే ఎవరో మార్పు చేశారని అర్థం. శాసన కాలనిర్ణయ విధానం కూడా ఇటువంటిదే. శాసనంలో చెప్పిన సంవత్సరం గడియారం మీది సంఖ్య వంటిది. అక్షరాల రూపం, భాష, రాజముద్ర, వంశావళి అనేవి లోపలి భాగాల వంటివి.

పూర్వ శాసనాలలో సంవత్సరాన్ని అంకెలతో గాక మాటలతో చెప్పడం పరిపాటి. చంద్రుడనగా ఒకటి, నేత్రాలనగా రెండు, అగ్నులనగా మూడు, వేదాలనగా నాలుగు, బాణాలనగా అయిదు, నిధులనగా తొమ్మిది, ఆకాశమనగా సున్న. ఈ అంకెలను చివరినుండి మొదటికి చదవాలి. తూర్పు చాళుక్య రాజైన రాజరాజ నరేంద్రుని పట్టాభిషేక సంవత్సరాన్ని కోరుమిల్లి తామ్ర శాసనం వేదాలు, సముద్రాలు, నిధులు అనే మాటలతో సూచించింది. వేదాలు నాలుగు, సముద్రాలు నాలుగు, నిధులు తొమ్మిది. తిరుగవేసి చదివితే శక సంవత్సరం 944 అవుతుంది. దానికి 78 కలిపితే క్రీస్తుశకం 1022 వస్తుంది. శాసనంలో మాసం, తిథి, నక్షత్రం, వారం కూడ చెప్పబడినాయి. వాటిని గణించగా 1022 ఆగస్టు 16వ తేదీ గురువారమని తేలినది. తిథి, వారం పొసగినవి కాబట్టి ఆ తేదీ నమ్మదగినది.

ఈ ఒక్క తేదీ తెలుగు సాహిత్య చరిత్రకు ఆధారస్తంభం. కోనసీమలోని నందంపూడి అగ్రహారాన్ని నారాయణభట్టుకు దానమిస్తూ రాజరాజ నరేంద్రుడు వేయించిన శాసనాన్ని రచించినవాడు నన్నయభట్టు. అది ఆ రాజు పాలనలో 32వ సంవత్సరమున, చంద్రగ్రహణ కాలమున ఇచ్చిన దానం. పట్టాభిషేకం 1022లో జరిగినదని తెలిసినందువల్ల నందంపూడి శాసనం 1053వ సంవత్సరానిదని చెప్పగలుగుతున్నాము. ఆదికవి కాలాన్ని నిలబెట్టిన ఆధారాలలో ఒకటి రామయ్య పంతులు పుట్టిన సీమలోనే లభించడం విశేషం.

రామయ్య పంతులు ఉద్యోగంలో ఉన్న కాలంలోనే భారత ప్రభుత్వ శాసన పత్రికయైన ఎపిగ్రాఫియా ఇండికాకు శాసనాలను పరిష్కరించి పంపారు. కోనసీమలోని తొత్తరమూడిలో లభించిన కాటయ వేముని తామ్ర శాసనం అట్టి వాటిలో ఒకటి. ఆ పరిష్కారం 1896–97 నాటి నాలుగవ సంపుటంలో ప్రకటింపబడినది. కాటయ వేముడు రాజమహేంద్రవరాన్ని పాలించిన రెడ్డి వంశ సంబంధి. కాళిదాసు నాటకాలకు వ్యాఖ్య రచించిన విద్వాంసుడు. ఆయన శాసనం శక సంవత్సరం 1333కు చెందినది. అనగా క్రీస్తుశకం 1411 ప్రాంతం.

శక సంవత్సరాన్ని లెక్కించేటప్పుడు ఒక చిక్కు ఎదురవుతుంది. శాసనంలోని సంఖ్య గడచిన సంవత్సరాలను తెలుపుతున్నదా, నడుస్తున్న సంవత్సరాన్ని తెలుపుతున్నదా అనే సందేహం కలుగుతుంది. ప్రభవాది అరవై సంవత్సరాల పేర్లు ఈ చిక్కును విడదీస్తాయి. 1333 సంవత్సరాలు గడచిన పిమ్మట నడచినది ఖర నామ సంవత్సరం. దానికి ముందుది వికృతి. కాబట్టి ఆ కాలపు శాసనంలో ఏ పేరు ఉన్నదో చూచి పరిశోధకుడు లెక్కను సరిచూచుకుంటాడు. ఒక్క ఏడాది తేడా స్వల్పంగా కనిపించవచ్చు. కాని ఒక రాజు మరణానికి, మరొక రాజు పట్టాభిషేకానికి నడుమ ఆ ఏడాదే చరిత్రను తారుమారు చేయగలదు.

తామ్ర శాసనాల రేకులను ఒక కడియంతో కూర్చి, దానిమీద రాజముద్ర వేసేవారు. తూర్పు చాళుక్యుల ముద్రలో వరాహ చిహ్నం, త్రిభువనాంకుశ బిరుదం కనిపిస్తాయి. శాసనం చేతికి రాగానే పరిశోధకుడు చూసే మొదటి విషయం ఆ కడియం కోయబడి ఉన్నదా లేదా అన్నది. కోయని కడియమైతే రేకులు మారలేదని నమ్మవచ్చు. కోసినదైతే ఒక రేకు తీసి మరొకటి చేర్చే అవకాశం ఉన్నది. భూమిమీద ఆశతో కల్పించిన దొంగ శాసనాలు లేకపోలేదు. అటువంటి వాటిలో తేదీ పాతది, అక్షరాలు కొత్తవి. తేదీని కల్పించడం తేలిక. మూడు నాలుగు వందల ఏండ్లనాటి లేఖకుని చేతివాటాన్ని కల్పించడం తేలిక కాదు.

రామయ్య పంతులు కీర్తిని నిలిపిన పరిష్కారం బెజవాడ యుద్ధమల్లుని శాసనం. విజయవాడ మల్లేశ్వరాలయంలోని రాతి స్తంభంమీద చెక్కిన ఈ తెలుగు పద్యాలను ఆయన పరిష్కరించి ఎపిగ్రాఫియా ఇండికా 15వ సంపుటంలో ప్రకటించారు. బెజవాడలో కుమారస్వామికి గుడిని నిర్మించిన సంగతిని, చేబ్రోలునుండి జాతరకు వచ్చిన ఆ స్వామి ఇక్కడనే నిలిచిన సంగతిని ఆ శాసనం తెలుపుతుంది. పద్యాలు మధ్యాక్కర అనే దేశి ఛందస్సులో ఉన్నాయి. కాని అందులో సంవత్సరం లేదు. గడియారంమీద సంఖ్య చెరిగిపోయినట్లే. ఇక మిగిలినవి భాగాలు.

మొదటి ఆధారం వంశం. శాసనం రాజు తాత పేరును మల్లపరాజని చెప్పుతున్నది. తూర్పు చాళుక్యులలో ఈ వరుస తాళరాజు కుమారుడైన రెండవ యుద్ధమల్లునికి సరిపోతుంది. రెండవ ఆధారం రాజ్యకాలాల లెక్క. తూర్పు చాళుక్యుల శాసనాలలో వెనుకటి రాజులు ఎవరెవరు ఎన్ని ఏండ్లు పాలించారో వరుసగా చెప్పే ఆచారం ఉన్నది. రెండవ అమ్మరాజు పట్టాభిషేకం శక సంవత్సరం 867లో, అనగా 945లో జరిగినది. అతనికి ముందు రెండవ చాళుక్య భీముడు 12 ఏండ్లు, అంతకు ముందు యుద్ధమల్లుడు 7 ఏండ్లు పాలించారు. వెనుకకు లెక్కించుకుంటూ పోతే యుద్ధమల్లుని పాలన సుమారు 927 నుండి 934 వరకు అని తేలుతుంది. మూడవ ఆధారం లిపి, భాష. ప్రాచీన తెలుగులో ‘ఴ’ అనే అక్షరం ఉండేది. ‘ఏఴు’ అనే మాట ‘ఏడు’గా, ‘చోఴ’ అనే మాట ‘చోడ’గా మారినవి. నన్నయ కాలానికి ఆ అక్షరం కావ్యభాషలో లేదు. ఇటువంటి అక్షరాల ఉనికిని, తలకట్టు తీరును, వట్రువల వంపును పోల్చి చూచి శాసనాల ముందువెనుకలను నిర్ణయించడం లిపిశాస్త్రం నేర్పిన పద్ధతి.

ఈ నిర్ణయం వలన కలిగిన ఫలితం గొప్పది. నన్నయకు పూర్వం తెలుగులో పద్యం ఉన్నదా అనే ప్రశ్నకు ఊహలు గాక రాయి సమాధానం చెప్పినది. భారత రచనకు నూరేండ్లకు ముందే తెలుగు పద్యం యతిప్రాసలతో రాతిమీదకు ఎక్కినది. అద్దంకిలో లభించిన పండరంగని శాసనంలోని తరువోజ పద్యం ఆ కాలాన్ని తొమ్మిదవ శతాబ్దానికి తీసుకొని వెళ్ళినది. శాసనాలలో చెదరి ఉన్న తెలుగు పద్యాలను సమకూర్చి రామయ్య పంతులు శాసన పద్యమంజరి అనే గ్రంథాన్ని ప్రకటించారు. తాళపత్రాలకు ఎక్కని కవుల పలుకులు ఈ సంకలనంవల్ల విద్యార్థులకు అందుబాటులోకి వచ్చాయి.

పంతులుగారి జీవితంలో భాషావివాదం ముఖ్య ఘట్టం. మద్రాసు విశ్వవిద్యాలయంలో ఇంటర్మీడియట్ విద్యార్థులు తెలుగు వ్యాసాలను ఏ భాషలో వ్రాయవలెనన్న చర్చ 1911 తరువాత తీవ్రరూపం దాల్చినది. గిడుగు రామమూర్తి, గురజాడ అప్పారావు వ్యావహారిక భాషను సమర్థించారు. రామయ్య పంతులు గ్రాంథిక పక్షానికి నాయకత్వం వహించి, 1913లో తమ వాదాన్ని ఇంగ్లీషులో పుస్తకంగా ప్రకటించారు. గురజాడ 1914లో అసమ్మతి పత్రం సమర్పించారు. ఆనాటికి గ్రాంథిక పక్షమే నెగ్గినది. కాలక్రమాన వ్యావహారికం పాఠ్యగ్రంథాలలోకి, పత్రికలలోకి ప్రవేశించినది. విచిత్రమేమనగా ఇరుపక్షాల వారికి శాసనాలు ఆధారాలే. గిడుగు కూడా ముఖలింగ శాసనాలను పరిశీలించిన పండితుడు. తెలుగు కావ్యభాష ఎంత ప్రాచీనమైనదో శాసన పద్యాలు చూపగా, ఆ భాష కాలంతోపాటు ఎంతగా మారుతూ వచ్చినదో శాసన గద్యం చూపినది. ప్రతి శతాబ్దపు మాటకు ఒక రూపం ఉన్నందువల్లనే శాసనానికి వయస్సు కట్టడం సాధ్యమైనది. భాష నిలకడను కోరిన పంతులుగారు తమ పరిశోధనలో భాష మార్పునే కొలమానంగా గ్రహించవలసి వచ్చినది. ఇది ఆయన పాండిత్యానికి లోపం కాదు. సత్యాన్వేషణలో పండితుడు తన అభిప్రాయాన్ని పక్కనపెట్టి ఆధారాన్ని అనుసరించాడనడానికి నిదర్శనం.

1911లో పిఠాపురం మహారాజా ప్రాపున మద్రాసులో ఆంధ్ర సాహిత్య పరిషత్తు ఏర్పడినది. దాని స్థాపనలో రామయ్య పంతులు ప్రధాన పాత్ర వహించారు. పరిషత్తు తాళపత్ర గ్రంథాలను సేకరించి, అముద్రిత కావ్యాలను అచ్చు వేయించి, పత్రికను నడపినది. తరువాత అది కాకినాడకు తరలి వచ్చినది. ఆ సేకరణ నేడు కాకినాడలో ప్రభుత్వ మ్యూజియంగా ఉన్నది. మహారాజా పేరిట సంకల్పించిన సూర్యరాయాంధ్ర నిఘంటువుకు పంతులుగారు సంపాదకత్వం వహించారు. ప్రతి మాటకు పూర్వకవుల ప్రయోగాన్ని చూపుతూ అర్థం చెప్పడం ఆ నిఘంటువు పద్ధతి. మొదటి సంపుటం వెలువడేసరికి 1936వ సంవత్సరం వచ్చినది. అప్పటికి పంతులుగారి వయస్సు డెబ్బదియారు సంవత్సరాలు. 1941లో ఆయన పరమపదించారు. మిగిలిన సంపుటాలు ఆయన అనంతరం వెలువడినాయి.

2022లో కోనసీమ ప్రత్యేక జిల్లాగా ఏర్పడినది. కోరుమిల్లి, నందంపూడి, తొత్తరమూడి అనే గ్రామనామాలు నేడు ఆ సీమ ప్రజలకు ఇంటి పేర్లవలె పరిచితాలు. అవే పేర్లు చరిత్ర గ్రంథాలలో శాసనాల పేర్లుగా నిలిచినాయి. పొలం దున్నేటప్పుడు దొరికిన రాగిరేకులను రాగి ధరకు అమ్మి కరిగించిన సందర్భాలు మనదేశంలో అనేకం. కరిగిన ప్రతి రేకుతో ఒక తేదీ, ఒక ఊరి చరిత్ర, కొన్ని తెలుగు మాటలు శాశ్వతంగా అంతరిస్తాయి. ఆ నష్టాన్ని ఎరిగిన రామయ్య పంతులు చేతికి దొరికిన ప్రతి రేకును ఓపికతో చదివారు. తేదీని తిథితో, తిథిని వారంతో, వారాన్ని లిపితో సరిచూచిన తరువాతనే మాట పలికారు. ఆధారం లేనిదే అభిప్రాయం చెప్పరాదనే ఆ నియమమే ఆయన తెలుగు విద్యార్థిలోకానికి మిగిల్చిన విలువైన ఆస్తి.