డీజిల్‌లో ఏం కలపాలి? రుడాల్ఫ్ కథ

ఈ సంచికకి ఒక మహనీయుడి జీవితం రాయమనగానే, గోదావరి ఒడ్డు నుంచి వచ్చినవాణ్ణి కదా, కాటన్ దొర గురించి రాస్తాననుకున్నారు మిత్రులు. దుమ్ముగూడెం ఆనకట్ట మా వైపుదే కాబట్టి అలా అనుకోవడం న్యాయమే. కానీ నేను రాస్తున్నది రుడాల్ఫ్ డీజిల్ గురించి. కారణం మా మామ.

భద్రాచలం దిగువన పోచవరం రేవు నుంచి పాపికొండల వైపు తిరిగే లాంచీల్లో మా మామది ఒకటి. పాత లారీ ఇంజన్ బిగించిన లాంచీ. ఒక ఏజెంటు వచ్చి సీసాలు అంటగట్టాడు. ట్యాంకులో ఇంత కలిపితే మైలేజీ పెరుగుతుందట, పొగ పోతుందట, ఇంజన్ ఆయుష్షు రెట్టింపవుతుందట. సీజన్లో వచ్చే నాలుగు రూపాయల్లో ఒక వాటా ఆ సీసాలకే పోతోంది. మెకానికల్ చదివే మేనల్లుడు ఉన్నాడుగా, ఇది పనికొస్తుందో లేదో చెప్పమని నన్ను పట్టుకున్నాడు. జవాబు కోసం లైబ్రరీలో వెతుకుతూ పోతే ఈ మనిషి జీవితం దగ్గర తేలాను.

రుడాల్ఫ్ 1858 మార్చి 18న పారిస్‌లో పుట్టాడు. తల్లిదండ్రులు జర్మన్లు. తండ్రి తోలు వస్తువులు చేసేవాడు, పిల్లవాడు వాటిని ఇంటింటికీ చేరవేసేవాడు. 1870లో ఫ్రాన్స్‌కీ జర్మనీకీ యుద్ధం రాగానే ఆ కుటుంబం ఉన్నపళంగా లండన్‌కి వెళ్లిపోవాల్సి వచ్చింది. అక్కడ బతుకు గడవక పన్నెండేళ్ల కొడుకుని ఒక్కణ్ణే ఆగ్స్‌బర్గ్‌లో బంధువుల దగ్గరికి పంపారు. తర్వాత మ్యూనిక్ టెక్నికల్ కాలేజీలో చేరాడు. టైఫాయిడ్ వచ్చి పరీక్ష తప్పిపోయినా, 1880లో రాసి అత్యుత్తమ మార్కులతో బయటపడ్డాడు. (బ్యాక్‌లాగ్ మిత్రులు గమనించగలరు.)

అక్కడ ఆయన గురువు కార్ల్ ఫాన్ లిండే. శీతలీకరణ యంత్రాల లిండే ఆయనే. ఆవిరి యంత్రం తిన్న బొగ్గులో వందకి పది పాళ్లు కూడా పనిగా మారదని ఆ క్లాసులో విన్న మాట రుడాల్ఫ్‌ని వదల్లేదు. గాలిని గట్టిగా, వేగంగా నొక్కితే అది నిప్పంత వేడెక్కుతుంది. ఆ వేడిలోకి ఇంధనం చిమ్మితే స్పార్కు అక్కర్లేకుండానే అంటుకోవాలి. ఆయన ఆలోచనంతా ఇదే. 1893లో పేటెంటు వచ్చింది. బొగ్గుపొడితో కూడా నడపొచ్చని మొదట్లో ఆశపడ్డాడు. అంటే ఆయన లెక్కలో ఇంధనం కన్నా ఆ నొక్కుడే ముఖ్యం.

కాగితం మీద సులువే. ఆగ్స్‌బర్గ్ ఫ్యాక్టరీలో మొదటి యంత్రానికి పిస్టన్ దగ్గర గాలి కారిపోయి అనుకున్న ఒత్తిడే రాలేదు. 1893 ఆగస్టు 10న ఇంధనం లోపలికి వెళ్లగానే పేలింది. ఒత్తిడి కొలిచే పరికరం ముక్కలై ఎగిరింది, మనుషులు తప్పించుకున్నారు. అయినా ఆయనకి ఆ రోజు సంతోషమే, ఎందుకంటే మంట దానంతటదే అంటుకుంది! 1894 ఫిబ్రవరి 17న యంత్రం మొదటిసారి సొంతంగా, నిమిషం పాటు తిరిగింది. ఆ తర్వాత మూడేళ్లు ఆయన పోట్లాడింది ఇంధనాన్ని లోపలికి ఎలా చిమ్మాలి, కారకుండా ఎలా బిగించాలి అన్న వాటితోనే. పెట్రోలు, కిరోసిన్, గ్యాసు అన్నీ పెట్టి చూశాడు. 1897లో ప్రొఫెసర్ ష్రోటర్ పరీక్షిస్తే సామర్థ్యం 26.2 శాతం తేలింది. అప్పటికి అది మామూలు అంకె కాదు.

మామకి నేను చెప్పదలచింది ఈ మూడేళ్లలోనే ఉంది. లాంచీ తెల్లపొగ కక్కుతోందంటే, పొద్దున స్టార్టు కావడానికి మొరాయిస్తోందంటే, ముందు చూడాల్సింది రింగులు, నాజిల్, పంపు. రింగులు అరిగి గాలి కారిపోయే సిలిండర్లో ఏ సీసా పోసినా ఆ వేడి తిరిగి రాదు.

సీసాలన్నీ మోసమని అనను. అందులో ఏముందో తెలుసుకోవాలి, అంతే. సీటేన్ పెంచేది ఒకటి ఉంటుంది. ఇంధనం త్వరగా అంటుకునేలా చేస్తుంది. చలిదేశాల్లో, నాసి డీజిల్‌కి అది మేలు. మన బంకుల్లో దొరికే బీఎస్-6 డీజిల్‌కి సీటేన్ నంబరు కనీసం 51 ఉండాలన్నది నియమం, పైగా మన భద్రాచలం ఎండలకి చలి బాధ ఎక్కడిది? గడ్డకట్టకుండా చేసే మందు సంగతి చెప్పనే అక్కర్లేదు. నాజిల్ మసి కడిగేది నిజంగానే కొంత కడుగుతుంది, కానీ అరిగిన నాజిల్‌ని బాగు చేయలేదు.

పడవలకి అసలు శత్రువు నీళ్లు. వరద నెలల్లో లాంచీలు ఆగిపోతాయి. సగం ట్యాంకుతో ఒడ్డున కట్టేస్తే, ఖాళీ భాగంలో చేరిన తేమ చుక్కలై అడుగుకి దిగుతుంది. డీజిల్ తేలిక కాబట్టి పైన ఉంటుంది. ఆ రెండూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు కడతాయి. సీజన్ మొదట్లో ఫిల్టర్ పూడుకుపోయి నడి గోదాట్లో ఇంజన్ ఆగడానికి ఇదొక కారణం. జనాన్ని ఎక్కించుకున్న పడవ ఇంజన్ ఏరు మధ్యలో ఆగడమంటే మైలేజీ తగ్గడం లాంటిది కాదు. ఇక్కడ మాత్రం జీవులని చంపే మందుకి విలువ ఉంది. అదీ అడుగు నీళ్లు వంచేశాకే, చచ్చిన జిగురు తీసేశాకే. ట్యాంకు నిండుగా ఉంచి కట్టేయడం, నీళ్లు వేరు చేసే ఫిల్టర్ బిగించడం దానికంటే మెరుగు.

ఇంకొకటి ఉంది, అది మళ్లీ రుడాల్ఫ్ దగ్గరికే తీసుకెళ్తుంది. 1900 పారిస్ ప్రదర్శనలో ఒక చిన్న డీజిల్ ఇంజన్ని వేరుశనగ నూనెతో నడిపించారు. ఆఫ్రికా వలసల్లో పండే నూనె పనికొస్తుందా అన్నది ఫ్రెంచి ప్రభుత్వం ఆసక్తి. రుడాల్ఫ్ చివరి ఏళ్లలో ఈ మొక్కల నూనెల గురించి గట్టిగానే మాట్లాడాడు. మన వైపు కానుగ చెట్లకి కొదవలేదు. ఆదిలాబాద్ పవర్‌గూడ ఆదివాసీ మహిళలు కానుగ నూనె తీసి, 2003లో ప్రపంచ బ్యాంకుకి 147 టన్నుల కార్బన్ క్రెడిట్ అమ్మారు. పచ్చి నూనె చిక్కన, తిన్నగా పోస్తే నాజిల్ పూడుతుంది. శుద్ధి చేసి బయోడీజిల్‌గా మార్చాలి. బీఎస్-6లో గంధకం 10 పీపీఎంకి దించే శుద్ధిలో డీజిల్‌కి సహజంగా ఉండే జారుడు గుణం తగ్గుతుంది. కంపెనీలు దాన్ని సరిచేసే అమ్ముతాయి. అయితే ఒకటి రెండు శాతం బయోడీజిల్ కూడా ఆ పని చేయగలదు. అంటే నాకు నచ్చిన అడిటివ్ మన అడవి చెట్టు మీదే కాస్తోంది.

1903కల్లా వోల్గా నది మీద డీజిల్ నౌక వాండల్ తిరిగింది. 1912లో సెలాండియా సముద్రాలు దాటింది. నీటి మీద ఆయన ఇంజన్ గెలిచింది కానీ ఆయన గెలవలేదు. పేటెంటు తగాదాలు, తిరిగొచ్చిన యంత్రాలు, చెడిన ఆరోగ్యం, స్థలాల వ్యాపారంలో పోయిన డబ్బు కలిసి అప్పుల్లో ముంచాయి.

1913 సెప్టెంబరు 29 సాయంత్రం ఆంట్వెర్ప్‌లో డ్రెస్డెన్ అనే ఓడ ఎక్కాడు, ఇంగ్లండు వెళ్లాలి. అది ఆవిరి ఓడే. రాత్రి భోజనం చేసి, పొద్దున్నే లేపమని చెప్పి గదికి వెళ్లాడు. తెల్లారి పక్క నలగలేదు, మనిషి లేడు. పది రోజుల తర్వాత ఒక డచ్చి పడవవాళ్లకి నీటిలో శవం కనిపించింది. జేబులో వస్తువులు తీసుకుని శవాన్ని సముద్రానికే వదిలేశారు. మాత్రల డబ్బా, కళ్లజోడు పెట్టె, చిన్న చాకు. అవి తన తండ్రివేనని కొడుకు యూజెన్ గుర్తుపట్టాడు.