స్టెంకా రజిన్: వోల్గా ఒడ్డున కాగితాలు కాలినప్పుడు

1649లో రష్యా జార్ అలెక్సీ ఒక చట్టం తెచ్చాడు. దొర భూమి వదిలి పారిపోయిన రైతును ఎన్నేళ్లకైనా పట్టుకొచ్చి, పెళ్లాం పిల్లలతో సహా తిరిగి అప్పగించాలి. అప్పటిదాకా ఉన్న గడువు పోయింది. ఇక దిక్కు దక్షిణాన దాన్ నది. అక్కడి కొసాక్కులు తమను చేరినవాళ్లను అప్పగించేవారు కాదు. అలాగని అక్కడ సమానత్వమేమీ లేదు. ముందొచ్చినవాళ్లకు జార్ పంపే జీతం, ధాన్యం. వెనకొచ్చినవాళ్లకు ఒంటి మీద బట్టలేనివాళ్లనే పేరు.

స్టెపాన్ రజిన్ ఈ రెండోరకం కాదు. ఉన్న కుటుంబం, పెద్దల కొలువులో పలుకుబడి. అయినా 1667లో బట్టలేనివాళ్లను వెంటేసుకుని వోల్గా మీద ఖజానా పడవలనూ, షావుకార్ల పడవలనూ కొట్టాడు. తర్వాత కాస్పియన్ దాటి పర్షియా తీరం మీద పడ్డాడు. ఇక్కడ మనం కళ్లు మూసుకోకూడదు. ఆ ఊళ్లను దోచారు, మనుషులను చెరపట్టారు. పర్షియా రాకుమారిని అతను నదిలోకి విసిరేశాడన్న కథ నిజమో కాదో గానీ, దాన్ని వీరగాథగా పాడుకోవడం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు.

1670లో దాడి దొరల మీదికి తిరిగింది. త్సారిత్సిన్, ఆస్త్రఖాన్, సరాతోవ్, సమారా లొంగాయి. ఆస్త్రఖాన్‌లో ప్రభుత్వ కాగితాలు తగలబెట్టారు. ఎవడు ఎవరి సొత్తో రాసిపెట్టుకునే రాజ్యంలో అది చిన్న పని కాదు. రష్యన్ రైతులతో పాటు చువాష్, మారి, మొర్ద్వా, తాతార్ జనం లేచారు. చిత్రమేమిటంటే, రజిన్ జార్‌ను కాదనలేదు. ద్రోహులైన దొరల నుంచి జార్‌ను కాపాడతానన్నాడు. అప్పటికే చనిపోయిన యువరాజు తన పడవలోనే ఉన్నాడని చెప్పించాడు.

ఆ అక్టోబరులో సింబిర్స్క్ దగ్గర, పాశ్చాత్య పద్ధతిలో తర్ఫీదైన జార్ సేన అతన్ని ఓడించింది. గాయాలతో అతను దాన్‌కు పారిపోయాక కూడా ఊళ్లు పోరాడాయి. అర్జామాస్ దగ్గరి రైతుబిడ్డ, సన్యాసిని అల్యోనా వేల మందిని నడిపింది. పట్టుబడ్డాక మంత్రగత్తె అని ముద్రవేసి సజీవంగా కాల్చారు. ఆమె మీద పాటలు అంతగా లేవు.

రజిన్‌ను పట్టిచ్చింది సొంత కొసాక్కు పెద్దలే. వాళ్ల నాయకుడు కొర్నీలో యాకొవ్లెవ్ అతనికి జ్ఞానపిత కూడా. 1671 జూన్‌లో మాస్కోలో, జనం చూస్తుండగా కాళ్లూ చేతులూ తల నరికారు. ఆస్త్రఖాన్ మాత్రం నవంబరు దాకా లొంగలేదు.