పూజారి చేతికి వచ్చిన జముకు

తీగ మీటితే మోగే జముకు ఉత్తరాంధ్ర పల్లెల్లో తరతరాలుగా ఊరి దేవతల కథలు చెప్పింది. దాన్ని కాపాడుకొచ్చింది కింది కులాల కళాకారులు. సుబ్బారావు పాణిగ్రాహి ఆ కథనే తన కవిత్వానికి దారి చేసుకున్నారు.

ఆయనది ఒడియా బ్రాహ్మణ కుటుంబం. పలాస దగ్గర బొడ్డపాడు గుడిలో పూజారి. అక్షరం అందని కూలీలకు పుస్తకం చేరదు, రాత్రిపూట కూర్చుని వినే కథ చేరుతుంది. అందుకే దేవతల కథ నడిచే బాణీలోనే భూస్వామి దోపిడీని, షావుకారు అప్పును, గిరిజనుల పోరాటాన్ని చెప్పారు. ఉద్దానం యాసలోనే పాట కట్టారు.

1967 అక్టోబర్ 31న లేవిడి వద్ద కోరన్న, మంగన్న అనే గిరిజనులను కాల్చి చంపాక ఉద్యమం సాయుధ పోరాటమైంది. పాణిగ్రాహి అందులోకి వెళ్లారు. 1969 డిసెంబర్ 22న పంచాది నిర్మల తదితరులతో పాటు రంగమటియా కొండల్లో పోలీసు తూటాలకు బలయ్యారు. ఎదురుకాల్పులని పోలీసులు, పట్టుకుని చంపారని ఉద్యమకారులు చెప్పారు.

ఆయన పేరు నిలిచింది, నిలవాలి కూడా. ఆయన దాకా జముకును మోసుకొచ్చిన వాళ్ల పేర్లు మాత్రం చాలావరకు ఏ పుస్తకంలోనూ ఎక్కలేదు. ఆ పేర్లు కూడా రాసినప్పుడే పాణిగ్రాహి కథ పూర్తవుతుంది.